ఒక్క పొయ్యి, రెండు గుర్తులు

గడప కాడనే నిలబడ్డరేంది, లోపటికి రాన్రి. గా చాప ఇట్ల గుంజుకొని నా పక్కపొంటి కూసోన్రి. దూరం కూసుంటె నా మాట మీకు సగమే ఇనవడుతది, ఎనక గల్లిల పాలిషింగ్ మిషిన్లు పొద్దంత బండలను రుద్దుతనే ఉంటయి. చాయ తాగుకుంట ఇనున్రి, తొందరేం లేదు. నేను బడికి పోయింది ఐదో తరగతిదాక, గదీ సగమే. కాయితం మీద చదివింది నాకు నిలవదు గని, కండ్లతోని చూసింది, చెవులతోని ఇన్నది మాత్రం నిన్న జరిగినట్లే ఉంటది. మొన్న ఇద్దరు మనుషులు రంగుడబ్బ పట్టుకొని వచ్చి మా గోడ మీద పాత వార్డు నంబరు చెరిపి కొత్త నంబరు రాసిన్రు. "మా వార్డు ఏమైందయ్యా?" అని అడిగితె, "గా వార్డు ఇప్పుడు లేదమ్మా, సగం గల్లి అటు కలిసింది, సగం ఇటు కలిసింది" అన్నరు. అంత పెద్ద ముచ్చట రెండు కుంచె గీతలల్ల అయిపోయింది. ఆ వార్డు ఒకప్పుడు మా ఇంటిని రెండు చేసేదాక వచ్చింది. ఇప్పుడు అదే రెండయింది. నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వక, ఆఖరికి నవ్విన.

నేను కోట్‌పల్లి నుంచి తాండూరుకు కోడలుగ వచ్చేనాటికి ఈ ఇంట్ల అన్నదమ్ములిద్దరు, ఒక్కటే పొయ్యి. పెద్దాయన మా మామ. ఆయన భార్య అనంతమ్మ మా అత్త. చిన్నాయన మా చిన్నమామ, మేకలు కాసేటోడు, మనుషులకంటె మేకలతోనే ఎక్కువ మాట్లాడేటోడు. ఆయన భార్య మొగులమ్మ, మా చిన్నత్త. తెల్లారకముందే వంటింట్ల కందికట్టె మంట లేస్తుండె. అత్త జొన్నపిండి కలిపి టపటప రొట్టె తట్టేది, చిన్నత్త పెనం కాడ కూసొని కాల్చేది. ఒకరి చెయ్యి ఆగితె ఇంకొకరి చెయ్యి ఆగాలె. ఇరవై ఏండ్లు గట్లనే చేసిన్రట, ఎవరి రొట్టె ఎవరిదో ఎన్నడు లెక్కకు రాలే. ఆ కందికట్టె పొగ వాసన, పెనం మీద రొట్టె పొంగే వాసన నా పెండ్లిచీరలకు గూడ పట్టింది, ఎన్నిసార్లు ఉతికినా పోలే.

రొట్టెలు కాంగనే చిన్నత్త తన ఇనుప బకెట్ పట్టుకొని గల్లి మీద పడేది. వార్డుల ఎవరింట్ల పురుడైనా బిడ్డకు నీళ్ళు పోసేది ఆమెనే. కాళ్ళు బారజాపి కూసొని, బిడ్డను కాళ్ళ మీద బోర్ల పండవెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, సలసల కాగిన నీళ్ళను చల్లనీళ్ళతోని కలిపి, మోచెయ్యి ముంచి చూసి పోసేది. ఆ బకెట్ కొలతతోని అయితెనే తనకు నీళ్ళ వేడి తెలుస్తదట, ఇంకొకరి బకెట్ ముట్టేది కాదు. సాంబ్రాణి పొగ వేసి ఉయ్యాలల పండవెడితె బిడ్డ మధ్యాహ్నందాక కన్ను తెరవకపోతుండె. మీసాలొచ్చిన మొగోళ్ళు గల్లిల ఎదురైనా, "ఏందిరా, చిన్నప్పుడు నా చీర మీద ఎన్నిసార్లు పోసినవో యాదికున్నదా?" అనేది. వాళ్ళు తలకాయ వంచుకొని పక్క గల్లికి మలుగుతుండె.

ఇంకొక సంగతి జర మనసుల పెట్టుకోన్రి. మా దిక్కు తమ్ముని భార్యతోని బావ నేరుగ మాట్లాడడు. మామ ఇంట్లకు వస్తున్నడంటె చిన్నత్త కొంగు తలమీదికి గుంజుకొని తలుపు ఎనకకు జరిగేది. ఆయనకు ఆమెతోని ఏమన్న చెప్పాలెనంటె గోడకు చెప్తడు. "ఈ ఇంట్ల ఎవరన్న నీళ్ళిస్తె మంచిగుండు" అని గోడతోని అంటె, తలుపు ఎనక నుంచి ఒక చెయ్యి చెంబుతోని వచ్చేది. ఇరవై ఏండ్లు గోడ తన పని మంచిగనే చేసింది. ఎలక్షన్ అప్పుడే గోడ అక్కెరకు రాలే.

వార్డు ఎలక్షన్ల కథ నాకు చెప్పింది అత్తనే. ఆమె ఎలక్షన్లను కాన్పులతోని గుర్తుపెట్టుకునేది. "నీ పెనిమిటి కడుపుల ఉన్నప్పటి ఎలక్షన్ల ఒక మీసాలాయన గెలిచిండు. గెలిచేదాక ఇంటింటికి దండం పెట్టిండు, గెలిచినంక ఐదేండ్లు మాకు ఆయన మీసాలు గూడ కనవడలే. ఆ తర్వాత ఇంకొక ఐదేండ్లు ఎలక్షన్లే పెట్టలే. మీ ఆడబిడ్డ పాలు మరిచిన ఏడు మీ మామ నిలబడ్డడు" అనేది. మామ రెండుసార్లు గెలిచిండు. మొదటిసారి గల్లి మూల మీద బోరింగ్ వేయిస్తనన్నడు, వేయించిండు. రెండోసారి ఆ బోరింగ్ ఖరాబైంది, దాన్ని బాగు చేయిస్తనని గెలిచిండు. ఆ పదేండ్లు ఇంట్ల కూడ ఆయన మెంబరుగనే ఉండె. కూర ఎట్లున్నదంటె, "చూద్దాం, ఆలోచన చేద్దాం" అనేటోడు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, నా పెద్దబిడ్డ ఇంక మూడు నెలలది, మా వార్డు ఆడోళ్ళకు పోయిందని చిట్టీలు తీసినోళ్ళు చెప్పిన్రు. మామ ఒక్క పూట అన్నం తినలే. మరునాడు లేసి అత్తను పిలిచి, "నువ్వు నిలబడుతున్నవు" అన్నడు. అత్త పిండి చేతులతోనే, "నేను కూసున్న కాడికెల్లి లేస్తెనే మోకాళ్ళు పట్టుకుంటయి, నన్నేడ నిలబెడ్తవు?" అన్నది. పైకి గట్ల అన్నది గని, ఆ మధ్యాహ్నమే వికారాబాద్ బస్సెక్కి పోయి చిలకపచ్చ పట్టుచీర తెచ్చుకున్నది. ప్రమాణం చేసేనాడు కట్టుకుంటదట. ట్రంకుపెట్టెల అడుగున పెట్టి, దినాం ఒకపారి మూత తీసి చూసుకునేది. అత్త ఏడో తరగతి చదివింది, చిన్నప్పుడు మాస్టరు కావాలెనని మస్తు ఆశ ఉండె. ఆ చీర మీద ఆమె ఎంత మనసు పెట్టుకున్నదో ఆ పెట్టె మూతకూ నాకూ తెలుసు.

ఎదురు నిలబడ్డది ఎనక గల్లి శకుంతల, పాలిషింగ్ మిషిన్ల ఆయన భార్య. మామ అనుభవమున్న మనిషి గద, ముందుచూపుతోని ఒక పని చేసిండు. అత్త కాయితాలల్ల ఏమన్న తప్పు దొరికి కొట్టేస్తె సీటు ఇల్లు దాటి పోకుండ, చిన్నత్త పేరుతోని గూడ ఒక నామినేషన్ వేయించిండు. డమ్మీ అంటరు దాన్ని. అత్తది ఖాయం కాంగనే చిన్నత్త పోయి ఏలిముద్ర వేసి ఎనకకు తీసుకోవాలె. గంతే పని. ఎనకకు తీసుకునే దినం మామ గోడతోని చెప్పిండు: "ఇయ్యాల మూడు కొట్టకముందు మున్సిపాలిటీకి పోవాలె." తలుపు ఎనక ఎవరు లేరు. మామకు తెల్వదు. అయినా ఎందుకైనా మంచిదని చిన్నమామకు గూడ చెప్పిండు. చిన్నమామ మేకలను తోలుకపోతపోత మా ఇంటాయనకు చెప్పిండు. మా ఇంటాయన సైకిల్ ఎక్కుకుంట, "అమ్మకు చెప్పు" అని నాతోని అన్నడు. ఏం చెప్పాలెనో చెప్పనేలే. నేను అత్తకు, "ఆయన ఏదో చెప్పుమన్నడు" అని చెప్పిన. అత్త, "వాడెప్పుడు గంతే" అన్నది.

చిన్నత్త ఆ దినం బషీరాబాద్‌ల చుట్టాలింట్ల పురుడైతె, తన బకెట్ పట్టుకొని పొద్దుగాలనే షేర్ ఆటో ఎక్కింది. ఆ ఇంటోళ్ళు సగం కన్నడం మాట్లాడుతరు, బిడ్డ ఏడుపు మాత్రం అన్ని భాషలల్ల ఒక్కతీరే ఉంటదని సంబరంగ చెప్పుకుంట సాయంత్రం ఇల్లు చేరింది. అప్పటికి గుర్తులు పంచుడు గూడ అయిపోయింది. అత్తకు అల్మారా, శకుంతలకు కుట్టుమిషను. చిన్నత్తకు బకెట్!

మామ వాకిట్ల కూలవడ్డడు. లేసి గోడ దిక్కు తిరిగిండు. "ఇంటి ఓట్లు రెండుగ చీలితె శకుంతల గెలుస్తది. డమ్మీకి పడే ఓట్లతోని అనంతమ్మ ఓడిందంటె, మరునాడు ఈ ఇంట్ల రెండు పొయ్యిలు. నేను చెప్తున్న, రెండు పొయ్యిలు!" అన్నడు. తలుపు ఎనక నుంచి చిన్నత్త ఏడుపు ఇనవడ్డది. నేను పెండ్లయి వచ్చినంక ఆ గోడ జవాబు చెప్పంగ ఇన్నది అదొక్కసారే: "రెండు పొయ్యిలు పెడితె నా రొట్టె ఎవరు తడుతరు? నాకు కాల్చుడే వస్తది!"

అప్పటిసంది చిన్నత్త ప్రచారం మొదలైంది. తాండూరుల గసంటి ప్రచారం ముందు జరగలే, తర్వాత గూడ జరగలే. ఇంటింటికి పోయి, "అమ్మా, మీ కాళ్ళు మొక్కుత, నాకు ఓటు వెయ్యకున్రి" అని బతిమిలాడింది. "మా అక్క చదువుకున్నది, మా అక్కకు వెయ్యిన్రి. నాకేం తెల్వది, నేను ఏలిముద్రదాన్ని." ఆమె చేతుల బకెట్ ఉండనే ఉండె, ఎందుకంటె పురుళ్ళు ఎలక్షన్ల కోసం ఆగవు. నేను గూడ చంకల బిడ్డనెత్తుకొని ఒకటి రెండు గల్లీలు తిరిగిన. బోరింగ్ కాడ సత్తెమ్మ అని ఒకామె నీళ్ళు కొట్టుకుంట అడిగింది.

"ఓ మొగులమ్మా, మెంబరువైతె ఏం చేస్తవే?"

"నేను కాను తల్లీ! నాకు వెయ్యకు!"

"గది కాదు, అయితె ఏం చేస్తవో చెప్పు."

"ఏం చేస్త? పొద్దుగాల మీ ఇంటికి రానే వస్తుంటి, అప్పుడు గూడ వస్త."

సత్తెమ్మ చుట్టు ఉన్న ఆడోళ్ళ దిక్కు చూసింది. "చూసిన్రా? ఓటు వెయ్యొద్దని దండం పెట్టేది ఇదొక్కతే, గెలిచినంక ఇంటికొస్తననేది గూడ ఇదొక్కతే" అన్నది. చిన్నత్త అక్కడనే నెత్తి కొట్టుకున్నది. ఎంత వద్దంటె అంత వాళ్ళకు ముద్దొచ్చింది. అత్త దిక్కు మామ ఆటోల మైకు పెట్టించిండు, "అల్మారా గుర్తుకే" అని పొద్దంత అరిపించిండు. ఆ గల్లీలల్ల అల్మారా ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. బకెట్ లేని ఇల్లు గూడ ఒక్కటి లేదు.

ఓట్ల దినం శకుంతల మనుషులు ఫిర్యాదు చేసిన్రు. ప్రచారం బందైనంక గూడ బకెట్ అభ్యర్థి తన గుర్తు పట్టుకొని ఇండ్లల్లకు పోతున్నదని! అది నిజమే. బడి పక్క సందుల నాలుగు దినాల పసిగుడ్డు ఉన్నది, ఆ బడే పోలింగ్ జాగ. పోలీసాయన చిన్నత్తను ఆపిండు.

"అమ్మా, బకెట్ ఇక్కడికి తేవొద్దు, అది నీ గుర్తు."

"ఇది గుర్తు కాదు సారూ, ఇది బకెట్!"

"రెండు ఒకటే అమ్మా."

"అయితె అల్మారాను గూడ లోపల ఉండనియ్యకున్రి" అన్నది. లోపలున్న మాస్టరు బీరువాను ఉద్దేశించి అన్నది. పోలీసాయన నవ్వు ఆపుకోలేక టోపి సర్దుకున్నడు, బకెట్‌ను మాత్రం సుతిల్ తాడుతోని స్తంభానికి కట్టేయించిండు. చిన్నత్త ఆ ఇంటోళ్ళ తపేలతోనే నీళ్ళు పోసి, మోచెయ్యి పదిసార్లు ముంచి చూసుకొని, వచ్చి లైన్ల నిలబడ్డది. నిలబడి లైనంతటికి ఇనవడేటట్లు, "నేను గూడ మా అక్కకే గుద్దుతున్న!" అన్నది. అధికారి బయటికొచ్చి, "ఎవరికి వేసేది చెప్పొద్దమ్మా" అని కసురుకున్నడు.

నా బతుకుల అదే మొదటి ఓటు. అత్త పొద్దుగాల నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "అల్మారా, మరిచిపోకు బిడ్డా" అన్నది. మరువలే. అయితె ముద్ర చేతికి తీసుకున్నంక నాకు ఒక్కటే యాదికొచ్చింది. కాన్పయి వచ్చినప్పటిసంది రాత్రంత ఏడ్చే నా బిడ్డ, పొద్దుగాల చిన్నత్త కాళ్ళ మీది నుంచి లేసినంకనే నిద్రపోయేది, దాని తోటి నేను గూడ. అల్మారా మీదికి పోయిన చెయ్యి కిందికి జారింది. బకెట్ మీద గుద్దిన. బయటికొచ్చి అత్త మొకం చూడలేక మూడు గల్లీలు చుట్టు తిరిగి ఇల్లు చేరిన.

లెక్క అయింది. శకుంతల ఓడింది. అత్త ఓడింది. చిన్నత్త గెలిచింది. దండ పట్టుకొని వచ్చినోళ్ళను చూసి ఆమె మేకల కొట్టంల దాక్కున్నది, చిన్నమామ మేకల నడుమ నుంచి గుంజుకొచ్చి దండ వేయించిండు. ఆయన ఒక మనిషితోని అంత పొడుగు మాట మాట్లాడంగ నేను ఎన్నడు చూడలే: "లే, పో, వాళ్ళు పిలుస్తున్నరు" అన్నడు. అత్త లేసింది. లోపటికి పోయి ట్రంకుపెట్టె మూత తీసి, చిలకపచ్చ చీరను ఇంకా అడుగుకు తోసి, మీదికెల్లి బొంతలు పెట్టింది. ఆ చప్పుడు నా గుండెల పడ్డది. ఓటు నాది గూడ ఉన్నది గద.

మామ రెండో పొయ్యికి రాళ్ళు తెప్పించిండు. మూడు బండముక్కలు వాకిట్ల పడున్నయి, ఎవరు ముట్టలే. మరునాడు తెల్లారి నేను వంటింట్లకు పోతె అత్త పిండి కాడ ఉన్నది, చిన్నత్త పెనం కాడ ఉన్నది. రొట్టె తట్టుడు నడుస్తున్నది, కాల్చుడు నడుస్తున్నది, మాట మాత్రం లేదు. నా బిడ్డ నడుమల చేటల పండుకొని ఉన్నది. అత్త బిడ్డ దిక్కు చూసి, "ఏమే, మీ మెంబరవ్వకు చెప్పు, మంట ఎక్కువైతున్నది" అన్నది. చిన్నత్త కట్టె ఎనకకు గుంజి, "అమ్మలూ, మీ పెద్దవ్వకు చెప్పు, నేను గెలువాలెనని గెలువలే" అన్నది. "గెలువొద్దనుకునేటోళ్ళు గల్లిగల్లి ఎందుకు తిరిగిన్రో అడుగు." "వెయ్యొద్దని చెప్పనీకె తిరిగిననని చెప్పు." మూడు దినాలు మా ఇంట్ల ముచ్చట్లన్ని నాలుగు నెలల పసిగుడ్డు మీదికెల్లి నడిచినయి. అది ఒకరి మాటకు నవ్వేది, ఇంకొకరి మాటకు ఉచ్చ పోసేది. మామ గూడ వచ్చి, "ఏమే మనుమరాలా, పొయ్యి ఎప్పుడు వేస్తరో అడుగు" అన్నడు. దానికి అది గట్టిగ ఏడ్చింది. ఆ దినం పొయ్యి మాట ఆగింది.

నాలుగో దినం మున్సిపాలిటీ నుంచి కాయితం వచ్చింది. చిన్నత్తకు చదువరాదు. పిండి డబ్బ మీద పెట్టి, పెనం దిక్కు తిరిగి కూసున్నది. అత్త రొట్టె తట్టుకుంటనే ఆ కాయితం దిక్కు ఒకపారి, రెండుసార్లు చూసింది. ఆఖరికి పిండి చేతులు కొంగుకు తుడుచుకొని తీసుకున్నది, బిడ్డకు చదివి ఇనిపించింది: ఎల్లుండి పొద్దుగాల ప్రమాణం, అందరు హాజరు కావాలె.

చిన్నత్త బిడ్డ కాళ్ళు పట్టుకొని, "అమ్మలూ, మీ పెద్దవ్వకు చెప్పు. నేను పోను. నాకు వద్దని ఒక కాయితం రాసియ్యమను, ఏలిముద్ర వేసి పంపుత. నాకు ఈ ఇల్లు రెండు కావద్దు, గంతే" అన్నది. అట్ల అంటుంటె పెనం మీద రొట్టె మాడింది. ఇరవై ఏండ్లల్ల ఆమె చేతుల రొట్టె మాడుడు అదే మొదలు.

అత్త చేతుల ఉన్న పిండిముద్దను పీట మీద దబ్బున కొట్టింది. బిడ్డ దిక్కు కాదు, సక్కగ చిన్నత్త కండ్లల్లకు చూసింది.

"నువ్వు వద్దని రాసిస్తె ఏమైతది తెలుసా? మళ్ళ ఎలక్షన్ వస్తది. మీ బావ మళ్ళ నన్నే నిలబెడ్తడు. మళ్ళ ఆటో, మళ్ళ మైకు, మళ్ళ నేను ఓడిపోవాలె! ఒక్కసారి సాలదానే నాకు? నన్ను బతకనియ్యవా?"

చిన్నత్త నోరు తెరిచింది. మొదట ఏడుపు వచ్చింది, నడుమల నవ్వు అడ్డమొచ్చింది, రెండు కలిసి ఒక వింత చప్పుడైంది. అత్త గూడ ఆపుకోలే. ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతుంటె, వాకిట్లకెల్లి మామ, "ఏమైంది, ఏమైంది?" అని గోడను అడుగుతనే ఉన్నడు. ఎవరు చెప్పలే.

ప్రమాణం దినం అత్త బొంతలన్ని తీసి చిలకపచ్చ చీర బయటికి తీసింది. "నాకెందుకక్కా?" అంటె, "నోరు మూసుకొని నిలబడు" అని తానే కట్టింది. అత్త పొడుగు మనిషి, చిన్నత్త పొట్టి మనిషి. కుచ్చిళ్ళు ఎంత దోపినా ఇంకా మిగులుతనే ఉన్నయి, కడుపు కాడ ఆరు నెలల గర్భిణి లెక్క ఉబ్బింది. ప్రమాణం మాటలు ముందటి రాత్రి అత్తనే నేర్పింది, తెల్లారి ఆమె ఎనక కుర్చీల కూసొని పెదవులు కదిలించుకుంట తాను గూడ చెప్పింది. అంటె మా వార్డుకు ఆ దినం ఇద్దరు ప్రమాణం చేసిన్రు. ఆ ఐదేండ్లు ప్రతి మీటింగుకు ఇద్దరు కలిసే పోయిన్రు. అత్త కాయితాలు చదివేది, చిన్నత్త లేసి మాట్లాడేది. పెద్దపెద్దోళ్ళు గూడ ఆమె లేస్తె జర సర్దుకొని కూసుంటుండిరట. వాళ్ళల్ల గూడ ఆమె కాళ్ళ మీద పొర్లినోళ్ళు ఇద్దరున్నరు గద. ఇగ మామ, ఇంటి ముందటి మోరీ నిండి పొర్లుతుంటె మరదలికి నేరుగ చెప్పరాదు, గోడకు చెప్తె మీటింగుకు చేరదు. అందుకని ఒకే ఇంట్ల ఉండుకుంట, "గౌరవనీయులైన వార్డు సభ్యురాలికి" అని అర్జీ రాసి వంటింటి గూట్ల పెట్టిండు. అత్త చదివి, "చూద్దాం, ఆలోచన చేద్దాం అని చెప్పమంటవా?" అని చిన్నత్తను అడిగింది. పదిహేను దినాలకు మోరీ మంచిగైంది.

నా ఓటు సంగతి చాన ఏండ్లు కడుపుల దాచుకున్న. ఒకనాడు అత్త కాళ్ళు పిసుకుకుంట, "అత్తమ్మా, అప్పుడు నేను నీకు వెయ్యలే" అని చెప్పి ఏడ్చిన. అత్త కండ్లు మూసుకొనే, "నీ పెనిమిటి నీకంటె ముందే వచ్చి ఏడ్చిపోయిండు, ఎడమ కాలు గూడ పిసుకు" అన్నది.

ఇప్పుడు అత్త లేదు, చిన్నత్త లేదు, మామ లేడు, చిన్నమామ లేడు. ఓట్లొస్తె ఇంటి ముందటికి మనుషులు రాకముందే ఫోన్ల ఫొటోలు వస్తయి, ఎవరు గెలిచిన్రో ఆ ఫోన్ల చూస్తెనే తెలుస్తది. ఎవరు గెలిచినా ఓడినా, ఇంట్ల ఎవరి మొకం మారదు. మంచిదేనేమో. మా ఇంట్ల ఇప్పుడు కింద ఒక గ్యాస్ పొయ్యి, మీద ఒక గ్యాస్ పొయ్యి. కొడుకులు మీద అర్రలు వేసుకున్నరు, కోడండ్లకు డ్యూటీలు, ఒకరు తినే టైముకు ఇంకొకరు తినరు. కొట్లాట కాలే, మాట పట్టింపు లేదు, ఎవరు ఏడ్వలే. ఎలక్షన్ పెట్టలేకపోయిన రెండో పొయ్యి తనంత తానే పెట్టుకున్నది, ఎప్పుడు పెట్టుకున్నదో గూడ మేం ఎవరం చూడలే. నాకు దాని మీద కోపం లేదు గని, ఒక్కొక్కపారి మీద పెనం చప్పుడు ఇనవడితె, కింద నా చెయ్యి పిండి మీద జరసేపు ఆగుతది.

పొద్దెక్కింది, మీ పనులు మీకున్నయి. పోయి రాన్రి. మీ ఇల్లు సల్లగుండాలె. మీ ఇంట్ల కోపాలు రావద్దని నేననను, వస్తయి, రానియ్యిన్రి. వచ్చినప్పుడు ఇద్దరి నడుమల చేటల పండుకొని మాట మోసే పసిబిడ్డ ఒకతి మీ ఇంట్ల ఎప్పుడూ ఉండాలె. అది నవ్వేలోపలే మీ పంచాయితీ తెగిపోవాలె.